ముందు చక్రాల వంకర

పాలవాడు చెంబులో పాలు పోస్తుంటే వేలు ముంచి, గోటి మీద చుక్క నిలుస్తుందో జారిపోతుందో చూసేవాణ్ణి నేను. మాదన్నపేట మార్కెట్లో కూరగాయలు తూచేటప్పుడు తక్కెడ పళ్లెం అడుగున చింతపండు ముద్ద ఏమైనా అంటించారేమోనని వంగి చూసేవాణ్ణి. కొన్నాళ్లకు అక్కడి అమ్మకందార్లు నన్ను గుర్తుపట్టి, నేను ఎదురుగా నిలబడగానే పళ్లెం తిరగేసి చూపించడం మొదలుపెట్టారు. మా ఆవిడ సిగ్గుపడి పక్క దుకాణం దగ్గరికి జరిగిపోయేది. నాకు సిగ్గనిపించలేదు. అడగకముందే చూపించేవాడు ఇంకెక్కడో దాచాడని నా లెక్క.

ఈ గుణం పుట్టుకతో వచ్చిందో ఉద్యోగంతో వచ్చిందో చెప్పలేను. ప్రభుత్వ ఫ్యాక్టరీ టూల్ రూములో నాది తనిఖీ పని. లేతు మీద పనిచేసేవాళ్లు తయారుచేసి తెచ్చిన ప్రతి ముక్కనూ కొలిచి, సరిగ్గా ఉంటే ఒక పక్కకు, తేడా ఉంటే ఇంకో పక్కకు పెట్టాలి. ఎదురుగా నిలబడ్డ మనిషి ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడైనా, ఈసారి ఎక్కడో తప్పు చేసే ఉంటాడనుకుంటూ మైక్రోమీటరు బిగించాలి. నాకు జీతం ఇచ్చేదే అందుకు. వెంట్రుకలో సగం తేడా ఉన్నా పట్టుకుంటానని ఫ్యాక్టరీలో పేరు. నా కొలతను ఇంకొకరు మళ్లీ కొలిచి చూడడం ఎన్నడూ జరగలేదు. అది నాకు గర్వంగా ఉండేది, దాచడం దేనికి.

డెబ్బయ్యో దశకం చివర్లో ఒక పాత కారు కొన్నాను. ఉప్పుగూడలో మా గల్లీలో కారున్న ఇల్లు అప్పట్లో మాదొక్కటే. గొప్పకు చెప్పడం లేదు, ఆ కారును చూసినవాళ్లెవరూ గొప్ప అనుకోరు. ముగ్గురి చేతులు మారి వచ్చింది. ఆ ముగ్గురిలో ప్రతివాడూ తర్వాతివాడి దగ్గర ఏదో ఒకటి దాచాడని కొన్న వారానికే తెలిసింది. ఎడమ తలుపు పైకి ఎత్తి పట్టుకుంటే తప్ప మూతపడదు. వైపరు ఎండాకాలంలో చక్కగా తిరుగుతుంది, వాన పడితే ఆగిపోతుంది. ఇవన్నీ నేను సర్దుకున్నాను. సర్దుకోలేనిది ఒక్కటే. స్టీరింగు మీద చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు, బండి ఎడమ పక్కకు గుంజేది. ముందు టైరు ఒక అంచు వైపే అరిగిపోయి, లోపలి దారాలు కనిపించేదాకా వచ్చింది.

మొదట మూసీ అవతల ఒక పెద్ద గ్యారేజీకి తీసుకుపోయాను. అక్కడ అలైన్‌మెంటు చూసే మిషను ఉందని అందరూ చెప్పుకునేవారు. తీరా పోతే, బండి మాత్రమే లోపలికి, మనిషి బయటే. కస్టమర్లు లోపలికి రాకూడదని గోడ మీద రాసి పెట్టారు. గంట తర్వాత ఏవో అంకెలున్న చీటీ ఒకటి చేతిలో పెట్టి పంపారు. చూడనివ్వని చోట పనే జరగదన్నది నా సిద్ధాంతం. పది రోజులకు బండి మళ్లీ ఎడమకు గుంజింది. నాకు కోపం రాలేదు, నా సిద్ధాంతం నిజమైనందుకు లోలోపల సంతోషమే కలిగింది.

ఇక ఎవరి దగ్గరికీ పోనక్కర్లేదని ఇంటి దగ్గరే మొదలుపెట్టాను. మా వాకిట్లో షాబాదు బండలు పరిచిన జాగా ఉండేది, కారు అక్కడే నిలిపేవాణ్ణి. చక్రాల ఎత్తుకు వచ్చేలా ఇటుకలు పేర్చి, బండికి రెండు పక్కలా వెనక నుంచి ముందుకు సన్న దారం బిగించి కట్టాను. వెనక చక్రాలకు దారం సమానంగా ఉందని చూసుకొని, ముందు చక్రం ముందరి అంచుకూ దారానికీ మధ్య ఎంత, వెనక అంచుకూ దారానికీ మధ్య ఎంత అని స్కేలు పెట్టి కొలిచాను. చక్రాల ముక్కులు లోపలికి తిరిగి ఉన్నాయో బయటికి తిరిగి ఉన్నాయో దీంతో తెలిసిపోతుంది. కొంచెం తేడా ఉంటే ముందు చక్రాలను కలిపే రాడ్డు తిప్పి సరిచేశాను. గుంజడం కొంత తగ్గింది. మా ఆవిడ రెండు రోజులు బట్టలు ఆరేసుకోవడానికి జాగా లేదని గొణిగింది. నేను మాత్రం గ్యారేజీవాళ్లందరి గుట్టూ రట్టు చేసినంత సంబరపడ్డాను.

కొంత తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. చక్రం పట్టుకొని ఊపితే టకటకమని చప్పుడు వచ్చేది. అది నా చేతనయ్యే పని కాదు. అప్పుడు పోయాను ఫలక్‌నుమాకు, నా దోస్తు షెడ్డుకు.

అతని గురించి చెప్పాలి. ఫలక్‌నుమా స్టేషనుకు పోయే దారిలో రేకుల షెడ్డు. అందులో ఇద్దరే మనుషులు, అతనూ అతని అక్క భర్తా. బావ దగ్గరే పని నేర్చుకున్నాడు, బావతోనే కలిసి షెడ్డు నడిపేవాడు. నా స్కూటరు రోజుల నుంచి, అంటే పదిహేనేళ్లుగా మాకు దోస్తీ. మా అమ్మ పోయిన పొద్దు మా చుట్టాల కన్నా ముందే వచ్చి, గల్లీలో టెంటు కట్టించి, కుర్చీలు మోసింది అతనే. ఆదివారం మా ఇంటికి వస్తే మా ఆవిడ చేసిన పచ్చిపులుసు రెండుసార్లు అడిగి పోయించుకునేవాడు. నన్ను అన్నా అనేవాడు, ఆమెను వదినా అనేవాడు. ఇన్ని ఉన్నా నా లోపల ఒక మూల, ఇంత మంచిగా ఎందుకుంటున్నాడా అన్న గులుగుడు ఉండేది. ఇప్పుడు చెప్పడానికి నోరు రావడం లేదు, అయినా ఉండేది.

ఆ రోజు నాకు షిఫ్టు ఉంది. బండి అక్కడ వదిలి ఫ్యాక్టరీకి పోవాల్సి వచ్చింది. అతను పని చేస్తున్నప్పుడు దగ్గర నిలబడి చూడలేకపోయాను. మిగతా కథంతా ఇందులో నుంచే పుట్టింది.

సాయంత్రం పోయేసరికి బండి సిద్ధంగా ఉంది. "అన్నా, ఎడమ చక్రం దగ్గర బుష్షులు మొత్తం ఖరాబైనయ్, మార్చిన. చక్రాన్ని పట్టే పైన చెయ్యి జర ఒంగి ఉండె, సీదా చేసిన. టైరు ఒక దిక్కు తిన్నది గదా, గది మార్చేదాక జరంత గుంజుతది. ఫికర్ చెయ్యకు" అన్నాడు. తీసేసిన పాత బుష్షులు, అరిగిపోయిన ఆ రబ్బరు ముక్కలు, పేపర్లో చుట్టి ఇచ్చాడు.

ఫికర్ చెయ్యకు అని ఎవరైనా అంటే నాకు అప్పటి నుంచే ఫికరు మొదలవుతుంది. దారి పొడుగునా ఆలోచించాను. ఈ పాత బుష్షులు నా బండివేనని నమ్మకమేమిటి? షెడ్డు నిండా పాత బుష్షులే కదా. ఇంకా గుంజుతుందని ముందే ఎందుకు చెప్పాడు? రేపు నేను అడగకుండా నోరు కట్టేయడానికి కాదూ? బండి నిజంగానే ఎడమకు కొంచెం గుంజుతోంది. అతను చెప్పినంతే గుంజుతోంది. కానీ నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం నేను.

మర్నాడు ఆదివారం. మేస్త్రీలు గోడ నిటారుగా ఉందో లేదో చూసే ఇత్తడి గుండు ఒకటి మా ఇంట్లో ఉండేది. దాన్ని దారానికి కట్టి, ముందు కుడి చక్రం పక్కన వేలాడదీశాను. దారానికీ రిమ్ము పై అంచుకూ మధ్య ఎంత, కింది అంచుకూ మధ్య ఎంత అని కొలిచాను. చక్రం పైభాగం బయటికి వాలి ఉంది. ఎడమ చక్రం దగ్గరికి పోయాను. అది లోపలికి వాలి ఉంది. మళ్లీ కొలిచాను. మూడోసారి కొలిచాను. రెండు చక్రాల తేడా ఒక్కటే, నూలు పోగంత కూడా అటూ ఇటూ లేదు.

ఇంకొకడైతే రెండు వైపులా ఒకే తేడా ఎందుకు వచ్చిందని ఆగి ఆలోచించేవాడు. నాకు మాత్రం అదే పెద్ద సాక్ష్యంగా కనిపించింది. పాతబడి వంగితే ఒక్కోటి ఒక్కోలా వంగుతుంది, ఒకే తేడా వచ్చిందంటే రెండూ ఒకే చేతి పని అని తీర్మానించాను. మంచి పార్టులు తీసేసి, ఇంకో బండివి వంకరవి తగిలించాడు. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, నేను చెప్పిందంతా విని ఒక్క మాటే అంది.

"పోయి ఆయన్నే అడగరాదు?"

"అడిగితే చెప్తడా? దొంగతనం జరిగిందా అని దొంగనే అడుగుతరా ఎవరన్న?"

"ఆయన దొంగ అని ఎవరన్నరు?"

"కొలిచిన" అన్నాను. ఆమె లోపలికి పోయింది. నేను కొలిచానంటే మా ఇంట్లో కూడా అదే చివరి మాట.

ఈ అనుమానం నా కడుపులోనే ఉండిపోయి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. రెండు రోజుల తర్వాత ఫ్యాక్టరీలో బండ్ల పనులు చూసే ఆఫీసరు నన్ను పిలిపించాడు. ఫ్యాక్టరీ జీపు, రెండు వ్యానులు మరమ్మతులకు బయట ఒక షెడ్డుకు అప్పజెబుతున్నారు. నా దోస్తు కూడా దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ సంగతి నాకు తెలుసు. నెల నెలా నిలకడగా వచ్చే పని అది. అది దొరికితే రేకులు తీసి పైకప్పు వేయిస్తానని, బావ ఇక బండి కింద పడుకోనక్కర్లేకుండా చూస్తానని అతను ఎన్నిసార్లో నాతో అన్నాడు. బావకు అప్పటికే నడుం పట్టేస్తుండేది.

"ఆ ఫలక్‌నుమా మెకానిక్కు మీకు బాగా తెలుసు కదండీ. ఎలాంటివాడు? మీరు ఒక్క మాట చెబితే ఇచ్చేస్తాను" అన్నాడు ఆఫీసరు.

"మనిషి మంచివాడే సార్. పని మాత్రం చూడకుండా నమ్మలేం" అన్నాను.

ఆయన కాగితాల మీది నుంచి తల ఎత్తాడు. "మీరు చూశారా?"

"కొలిచాను సార్."

ఆయన నా దోస్తు దరఖాస్తు తీసి పక్కకు పెట్టాడు. నేను బయటికి వచ్చి నా బల్ల దగ్గర కూర్చున్నాను. ఏదో తప్పు చేశానని అప్పుడు నాకు అనిపించలేదు. ఫ్యాక్టరీ సొత్తు కాపాడానని కూడా అనుకున్నాను. మనసులోని అక్కసు నోట్లోకి వచ్చేసరికి నిజాయితీ వేషం కట్టేసింది.

తర్వాత కొన్ని వారాలు ప్రతి సెలవు రోజూ బండి కిందే గడిపాను. చక్రాన్ని పట్టి ఉంచే పై చెయ్యి వెనక సన్న రేకు ముక్కలు పెట్టి, గుండు దారానికి చక్రం సమంగా వచ్చేదాకా సర్దాను. కుడి చక్రం పైభాగాన్ని లోపలికి తెచ్చాను, ఎడమ చక్రం పైభాగాన్ని బయటికి తోశాను. చివరికి రెండూ గుండుకు తగ్గట్టు నిటారుగా నిలబడ్డాయి. గోడలు కూడా అంత నిటారుగా ఉండవు. తీరా రోడ్డెక్కిస్తే బండి ఎడమకు మునుపటి కన్నా మూడింతలు గుంజింది. ఒక ఎద్దుల బండికి తగలబోయి తప్పించుకున్నాను.

అప్పుడైనా నా మీద నాకు అనుమానం రావాలి. రాలేదు. అతను లోపల ఇంకేదో చేసి ఉంటాడు, పైకి సరిచేస్తే లోపలిది బయటపడింది అనుకున్నాను. అనుమానం పెనుభూతమంటారు కానీ, నాకు అది భూతంలా కనిపించలేదు, తెలివిలా కనిపించింది. ఫలక్‌నుమా వైపు పోవడం మానేశాను. ఒకసారి అతను మా గల్లీలో ఎదురై, "అన్నా, బండి మంచిగనే ఉందా?" అని అడిగాడు. "ఉంది" అని తప్పుకున్నాను. గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటున్నాడు చూడు అనుకున్నాను. పాపం, పని బాగైందో లేదో అడిగాడు, అంతే.

ఒక శుక్రవారం నాకు సెలవు. బండి కింద పడుకొని గుండుతో కుస్తీ పడుతున్నాను. మా ఆవిడ వాకిలి కడగడానికి వచ్చింది.

"ఏందయ్యా, బండి జరుపు. నీళ్లు పోయాలె."

"పోసుకో. నేను తడిస్తే తడిసిన."

ఆమె పంతానికి వచ్చినట్టుంది, ఇంటి గడప దగ్గర నిలబడి బకెట్ నిండా నీళ్లు ఒక్కసారి కుమ్మరించింది. నీళ్లు ఒక్కో బండా దాటుకుంటూ ఎడమ చక్రాల దగ్గరికి వచ్చి, నా వీపు కింద నుంచి పారి, కుడి చక్రాలను చుట్టి, మురుగు పారే మోరిలోకి పోయాయి. ఎక్కడా ఆగలేదు. నేను తడిసిన చొక్కాతో అలాగే పడుకుని ఆ నీళ్లు పోయిన దారి చూస్తూ ఉండిపోయాను.

"వాకిలి మోరి దిక్కు వాటంగ ఉన్నదా?" అని అడిగాను.

ఆమె నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. "బండలు ఏసిన నాడు నువ్వే గదా మేస్త్రీతోని లొల్లి పెట్టుకున్నవ్. వాటం సరిగ ఇయ్యలే, నన్ను మోసం చేస్తున్నవని పీకి మళ్ల ఏపిచ్చినవ్. గా మేస్త్రీ కోపానికొచ్చి ఇంకింత ఎక్కువనే ఇచ్చిపోయిండు."

నిజమే. వాకిట్లో నీళ్లు నిలవకుండా బండలు మోరి వైపు వాల్చి పరవడం మా దిక్కు అన్ని ఇళ్లలో ఉన్నదే. నేను మాత్రం ప్రత్యేకంగా పోట్లాడి మరీ వేయించుకున్నాను. గుండు నిటారుగానే వేలాడింది, అబద్ధం చెప్పలేదు. నేల వాలి ఉంది, నేల మీది బండి వాలి ఉంది, బండితో పాటు చక్రాలూ వాలి ఉన్నాయి. లేచి, వెనక చక్రాల దగ్గరికి పోయి గుండు పట్టాను. వెనక చక్రాలు ఒకే గట్టి ఇరుసుకు బిగించి ఉంటాయి, వాటిని నా దోస్తు ముట్టుకోను కూడా లేదు. కుడిది బయటికి వాలి ఉంది, ఎడమది లోపలికి వాలి ఉంది. నేను మొదటి రోజు ముందు చక్రాలకు చూసిన తేడానే, నూలు పోగంత అటూ ఇటూ లేకుండా.

లోకంలో అందరినీ శంకించాను, ఆ వెనక చక్రాలను ఒక్కసారి కొలిచి చూడలేదు. తడిబట్టలతో గడప మెట్టు మీద కూర్చున్నాను. సిగ్గేసింది. సిగ్గు కన్నా ముందు భయమేసింది, ఆఫీసరు దగ్గర అన్న మాట గుర్తొచ్చి.

మర్నాడు ఆఫీసరు గదికి పోయి, "సార్, అప్పుడు నేను చెప్పింది తప్పు. ఆ మెకానిక్కు పని సరిగ్గానే చేశాడు" అన్నాను.

"కొలిచానన్నారు కదండీ?"

"కొలిచిన చోటే వంకరగా ఉంది సార్."

"ఆ పని వేరేవాళ్లకు ఇచ్చేశామండీ, సంతకాలు కూడా అయిపోయాయి. అతను వచ్చి కారణం అడిగితే, నిన్ను బాగా తెలిసినవాళ్లే మంచిమాట చెప్పలేదయ్యా అన్నాను. మీ పేరు మాత్రం చెప్పలేదు లెండి, కంగారు పడకండి."

నా పేరు చెప్పలేదనగానే నా గుండె కుదుటపడింది. ఆ కుదుటపడినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను. ఆ ధైర్యంతోనే నాలుగు రోజులు ఫలక్‌నుమా పోకుండా గడిపాను. రేకు ముక్కలన్నీ తీసేసి, చక్రాలను అతను పెట్టిన తీరుకే తెచ్చాను. బండి మొదట్లోలాగే, అతను చెప్పినట్టే, ఎడమకు జరంత మాత్రమే గుంజింది. ఐదో రోజు మా ఆవిడ అన్నం వడ్డిస్తూ, "నువ్వు పోయి చెప్తవా, నేను పోయి చెప్పాల్నా?" అంది.

పోయాను. షెడ్డు చూడగానే ఏదో తేడా కనిపించింది. సగం ఖాళీగా ఉంది. బావ పనిచేసే బల్ల లేదు, దానికి బిగించిన వైసు లేదు, గోడకు వేలాడే ఆయన పానాలు లేవు. గోడ మీద వాటి ఆకారాలు మాత్రం తెల్లగా మిగిలాయి. నా దోస్తు ఒక్కడే ఒక స్కూటరు ముందు కూర్చుని ఉన్నాడు. గడ్డం పెరిగింది. నన్ను చూసి లేచాడు.

"రా అన్నా. మస్తు దినాలైంది."

"బావ ఏడి?"

"వేరుపడ్డం. మాదన్నపేటల పెట్టుకున్నడు." చేతిలోని పానా కింద పెట్టాడు. "మీ ఫ్యాక్టరీ పని రాలే గదా. గా ఆఫీసరు ఏమన్నడంటే, నిన్ను బాగ తెలిసినోళ్లే మంచిగ చెప్పలేదన్నడు. నన్ను బాగ తెలిసినోళ్లు ఇద్దరే అన్నా. ఒకడివి నువ్వు. ఇంకొకడు మా బావ. గా వారంల బావ మీ గేటు దగ్గర కనబడ్డడని ఎవరో చెప్పిన్రు. సమజైంది నాకు."

"బావను అడిగినవా?"

"ఏం అడగాలె? అన్నం పెట్టిన చేయి గట్ల చేస్తే ఏమని అడుగుతం? తాళం చెవి ముందట పెట్టిన. ఎవరి పని వాళ్లు చేసుకుందాం అన్న. సామాను కట్టుకొని పోయిండు. అక్క కూడ వస్తలేదు. నన్ను పెంచింది ఆమెనే." వెంటనే నా వైపు చూసి, "నువ్వైతే నా కోసం మంచిగనే చెప్పి ఉంటవ్. నాకు తెల్సు" అన్నాడు.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని చిన్నప్పటి నుంచీ విన్న మాటే. ఎంత లోతుకు దిగుతుందో ఆ షెడ్డులో నిలబడ్డప్పుడు తెలిసింది. దారిలో అనుకుంటూ వచ్చిన మాటలు ఒక్కటీ గుర్తు రాలేదు. ఆఫీసరు దగ్గర మాట్లాడింది నేనే అని చెప్పాను. చక్రాలు వాలి ఉన్నాయని కొలిచి, మంచి పార్టులు తీసేశావనుకుని అలా అన్నానని చెప్పాను. తలుపు వైపు చూస్తూ చెప్పాను, అతని మొహం చూసే ధైర్యం లేదు.

అతను మళ్లీ స్కూటరు ముందు కూర్చుని అడిగాడు.

"యాడ కొలిచినవ్?"

"మా వాకిట్ల."

"మీ వాకిట్ల నీళ్లు మోరి దిక్కు పోతయ్ గదా అన్నా" అన్నాడు.

అంతే. నాకు నెలన్నర పట్టింది ఆ సంగతి తెలియడానికి. అతను కూర్చున్న చోటి నుంచి చెప్పాడు, బండి వైపు చూడను కూడా లేదు. ఆ ఆదివారం పోయి ఒక్క మాట అడిగి ఉంటే ఇలాగే చెప్పేవాడు. ఇద్దరం నవ్వుకుని పచ్చిపులుసు తాగేవాళ్లం.

అతను తిడతాడని ఎదురుచూశాను. తిడితే నాకు తేలికయ్యేది. అతను చేతులు తుడుచుకుని, కొక్కేనికి ఉన్న చొక్కా తీసి తొడుక్కున్నాడు.

"నడువు. గీ మాట మా బావ ముందట చెప్పు."

నా కారులోనే పోయాం. అతను పక్కన కూర్చుని రోడ్డు వైపే చూశాడు. గుండీలు పెట్టుకోవడం కూడా మరిచిపోయాడు. బావ తప్పు లేదని తెలిశాక అతనికి ఒక్కటే తొందర, ఎంత త్వరగా పోయి ఆ ఇంటి ముందు నిలబడతానా అని. మార్కెట్ వెనక గల్లీలో ఇల్లు. ఇంటి ముందరి గదినే షెడ్డుగా మార్చుకున్నాడు బావ. లోపలి గదికి అడ్డంగా గుడ్డ పరదా వేలాడుతోంది. ఆ ముందు గదిలో ఒక బల్ల, రెండు స్టూళ్లు, అంతే జాగా.

బావ అరవై దగ్గర పడ్డ మనిషి. నన్ను చూసి సలాం చేసి, ఒక స్టూలు నా వైపు జరిపి, ఇంకొక దాని మీద తాను కూర్చున్నాడు. బామ్మర్ది వైపు చూడలేదు. అతను గడప పక్కన నిలబడ్డాడు. నేను మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. గుండు, వాకిలి, ఆఫీసరు, అన్నీ. ఏదీ మిగుల్చుకోలేదు. బావ తల వంచుకుని, గోళ్లలో గ్రీజు తీసుకుంటూ విన్నాడు.

"మంచిది సాబ్, వచ్చి చెప్పిన్రు" అన్నాడు. "కానీ మీరన్నరా, ఇంకొకలన్నరా, నాకు దాంతోని పని లేదు. నేను మీ గేటు కాడికి ఎందుకు పోయిన్నంటే, మీ క్యాంటీన్ల మా చుట్టం ఒకడున్నడు, వాని బిడ్డ పెండ్లికి పిలిచేతందుకు పోయిన. అడిగితే గింతే చెప్పేటోన్ని. వీనికి పదేండ్లున్నప్పటి సంది అన్నం పెట్టిన. పానా పట్టుడు నేర్పిన. ఒక్కనాడన్న నా ముందటికొచ్చి, బావా నువ్వు గిట్ల అన్నవా అని అడిగిండా? మీరే అడుగుండ్రి."

బావ ఇప్పుడు నా కళ్లలోకి చూశాడు.

"మీరన్న అడిగిన్రా వీన్ని, చక్రాలు వంకరున్నయని కొలిచిన నాడు?"

"లేదు" అన్నాను.

బావ తల ఊపాడు. పరదా పక్కకు జరిగి, గాజులున్న చేయి ఒకటి, అతని అక్కదే కావాలి, చాయ్ గ్లాసుల పళ్లెం బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. గ్లాసులు మూడున్నాయి. బావ ఒకటి నాకు ఇచ్చి, ఒకటి తాను తీసుకున్నాడు. మూడోది తీసుకొమ్మని అనలేదు, వద్దనీ అనలేదు. నా దోస్తు ఆ గ్లాసు వైపు, పరదా వైపు చూస్తూ నిలబడ్డాడు. పదేళ్ల వయసు నుంచి ఆ ఇంటి మనిషిగా పెరిగినవాడు, కూర్చోమని ఎవరైనా అంటారేమోనని చూస్తున్నాడు.

నేను లేచి నా స్టూలు అతని వైపు జరిపాను. అతను బావ మొహం చూశాడు. బావ గ్లాసులోంచి తల ఎత్తలేదు. అతను కూర్చోలేదు. నేనూ మళ్లీ కూర్చోలేకపోయాను.